నూట నలభై తొమ్మిది నాటికల్ మైళ్లు

1997 జూన్‌లో ఒక ప్రైవేటు హెలికాప్టర్ కంపెనీ నన్ను రాజమండ్రి బేసుకు ఫ్లైట్ డిస్పాచర్‌గా పంపింది. బేసు అంటే మధురపూడి విమానాశ్రయంలో ఒక మూలన రేకుల షెడ్డు, రెండు హెలికాప్టర్లు, ఒక రేడియో గది, నా బల్ల. అప్పట్లో రాజమండ్రికి రోజువారీ ప్రయాణికుల విమానం లేదు. మా హెలికాప్టర్లు మాత్రం రోజూ సముద్రంలోని చమురు రిగ్గులకు మనుషుల్ని దింపి, డ్యూటీ అయినవాళ్లను తీసుకొచ్చేవి. 2004లో పదవీ విరమణ చేసేవరకూ నేను అక్కడే ఉన్నాను.

డిస్పాచర్ అంటే పార్శిళ్లు పంపేవాడని మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ అనుకుంటారు. నేను దిద్దడం మానేశాను. ఎంత దూరం, ఎంతసేపు, ఎంత ఇంధనం, ఎంత బరువు, గాలి ఎటునుంచి, ఎన్ని గంటలకల్లా నేల మీద ఉండాలి, ఇవన్నీ కట్టి కాగితం మీద పెట్టి సంతకం చేసేవాడు డిస్పాచర్. దాని కింద పైలట్ కూడా సంతకం చేస్తాడు. గాలిలోకి లేచేది ఆయన, కాగితానికి జవాబు చెప్పుకోవలసింది నేను. ఈ ఏర్పాటులో నాకెప్పుడూ అన్యాయం కనిపించలేదు.

మా ప్రాంతంలో దూరాన్ని ఎవరూ దూరంగా చెప్పరు. రామచంద్రపురం ఎంత దూరమండీ అని అడిగితే గంటన్నర అంటారు. లంక గ్రామం ఎంత దూరమంటే రేవు దాటించే పంటు ఎప్పుడొస్తుందో చెబుతారు. మధ్యలో కాలువలు, రేవులు, వంతెనలు ఉన్నచోట మైళ్లు ఎవరికి కావాలి? నా ఉద్యోగంలో మాత్రం ఈ రెంటినీ వేరుగా ఉంచాలి. దూరం మారదు. సమయం రోజూ మారుతుంది, పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే. ఇలా పాఠాలు చెప్పినవాడే ఏం చేశాడన్నది ఇప్పుడు చెప్పబోయేది.

1999 సెప్టెంబరులో మా కంపెనీకి అండమాన్, నికోబార్ దీవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పే పని అదనంగా వచ్చింది. అప్పటికే అక్కడ ఒక హెలికాప్టర్‌తో చిన్న క్యాంపు పెట్టి ఉదయం ట్రిప్పులు మాత్రం నడుపుతున్నారు. కొత్త ఒప్పందం ప్రకారం డిసెంబరు నుంచి సోమ, గురువారాల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి కార్ నికోబార్‌కు మధ్యాహ్నం రెండో ట్రిప్పు వేయాలి. క్యాంపులో డిస్పాచర్ లేడు. లెక్కలన్నీ రాజమండ్రి నుంచే పోవాలి. మా బేస్ మేనేజర్ రాజు గారు నన్ను పిలిచారు. ఆయనది మొగల్తూరు వైపు, వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరైన మనిషి. సెక్టార్ షీటు కట్టి, మధ్యాహ్నం ట్రిప్పు పడుతుందో లేదో తేల్చి చెప్పమన్నారు.

సెక్టార్ షీటు అంటే రెండు విమానాశ్రయాల మధ్య ప్రయాణానికి జాతకం లాంటిది. ఒకసారి రాస్తే ఆ దారిలో పోయే పైలట్లందరూ దాన్నే చూసుకుంటారు.

దూరం కట్టడం ఇంత సులువైన సెక్టార్ నాకు మళ్లీ తగల్లేదు. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయం పదకొండు డిగ్రీల ముప్పై ఎనిమిది నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కార్ నికోబార్ తొమ్మిది డిగ్రీల తొమ్మిది నిమిషాల మీద ఉంది. రేఖాంశం రెండింటికీ దాదాపు ఒకటే, ఒకదాని కింద ఒకటి నిలబెట్టినట్టు ఉంటాయి. అక్షాంశంలో ఒక నిమిషం తేడా అంటే నేల మీద ఒక నాటికల్ మైలు. నాటికల్ మైలు పుట్టిందే ఆ లెక్క మీద. కాబట్టి పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే రెండు డిగ్రీల ఇరవై తొమ్మిది నిమిషాలు, అంటే నూట నలభై తొమ్మిది నాటికల్ మైళ్లు. మామూలు లెక్కలో రెండు వందల డెబ్బై ఆరు కిలోమీటర్లు. మధ్యలో దాదాపు అంతా సముద్రమే.

ఇక సమయం. మా హెలికాప్టర్ గంటకు నూట ఇరవై నాటికల్ మైళ్లు పోతుంది. ఈ వేగాన్ని నూట ఇరవై నాట్లు అంటారు. గాలి లేకపోతే గంటా పదిహేను నిమిషాల ప్రయాణం. డిసెంబరులో అక్కడ ఈశాన్యపు గాలి. దక్షిణానికి పోయేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎదురు తగులుతుంది. ఇరవై నాట్ల గాలి ఉంటే పోవడానికి గంటా నాలుగు నిమిషాలు, రావడానికి గంటా ఇరవై తొమ్మిది నిమిషాలు. ఇదంతా షీటులో వరసగా రాశాను. ఇప్పుడు చూసినా ఇందులో ఒక్క అంకె కూడా తప్పు లేదు.

మిగిలింది పగటి వెలుతురు. మా కంపెనీ నియమం ప్రకారం సముద్రం మీద ప్రయాణికులతో పోయే హెలికాప్టర్ సూర్యాస్తమయానికి అరగంట ముందు దిగిపోవాలి. నీళ్లకూ ఆకాశానికీ తేడా తెలియని వెలుతురులో కళ్లు మోసం చేస్తాయి. మా సైక్లోస్టైల్ ఫారంలో అట్టడుగున సూర్యాస్తమయాల వరస ముందే అచ్చయి ఉండేది, నెలకు ఒకటి చొప్పున. రిగ్గుల పని అంతా ఇక్కడిదే కనుక ఎవరో ఒకసారి టైపు చేయించి పెట్టారు. డిసెంబరు ఎదురుగా సాయంత్రం ఐదూ ఇరవై ఏడు అని ఉంది. అరగంట తీసేస్తే నాలుగూ యాభై ఏడు. ఉదయం దక్షిణం ట్రిప్పు, ఆ తర్వాత ఉత్తరాన ఇంకో ద్వీపానికి ఒక ట్రిప్పు ముగించుకుని మధ్యాహ్నం ఒంటిగంటా పావుకు పోర్ట్ బ్లెయిర్‌లో లేస్తే, కార్ నికోబార్‌లో మూడింటికి తిరుగు ప్రయాణం. నాలుగుంబావుకు దిగుతుంది. ఇంకా నలభై రెండు నిమిషాలు చేతిలో ఉంటాయి. మధ్యాహ్నం ట్రిప్పు పడుతుంది అని రాసి సంతకం చేశాను. రాజు గారు ఆమోదించారు. షీటు ఫ్యాక్సులో పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. ఆ రెండు ద్వీపాల్ని నేను అప్పటికి చూడలేదు, ఇప్పటికీ చూడలేదు.

మా రేడియో ఆపరేటర్ సుబ్రహ్మణ్యం గారిది రామచంద్రపురం దగ్గర పల్లె. తండ్రి పేరున్న సిద్ధాంతి, పంచాంగం గుణించేవారు. ఆయన పోయాక తల్లి ఆ ఊళ్లోనే ఉండేవారు. కొడుకు రేడియో పనిలో పడ్డాడు. మైకు ముందు మాత్రం తండ్రి పోలికే, ఒక్క అక్షరం మింగేవాడు కాదు. మూడు వందల మైళ్ల అవతల సిగ్నల్ సన్నగిల్లినా ఆయన చెప్పింది అవతలివాడికి అర్థమయ్యేది. ఆయన చెల్లెలు లలిత భర్తతో కార్ నికోబార్‌లో ఉండేది. భర్త అక్కడి బడిలో మాస్టారు.

1999 డిసెంబరు మొదటి గురువారం మధ్యాహ్నం ట్రిప్పు మొదలు కావాలి. ముందురోజు బుధవారం సుబ్రహ్మణ్యం గారు నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నారు. మామూలుగా ఆయన కూర్చోరు. చెల్లెలికి ఎనిమిదో నెలట. నాలుగు రోజులుగా కాళ్ల వాపు, తలనొప్పి, రక్తపోటు ఎక్కువగా ఉందట. అక్కడి డాక్టర్ గారు చూసి, ఇక్కడ పెట్టుకోవద్దు, రేపే పోర్ట్ బ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారట. ఓడ ఇంకో నాలుగు రోజులకు గాని లేదు. బావగారు హెలికాప్టర్ టికెట్ల కోసం వెళ్తే ఉదయం ట్రిప్పు నిండిపోయింది. ఎవరినైనా బతిమాలి సీటు మార్పించుకుందామని చూస్తుంటే అక్కడి గుమస్తా, అవసరమేముంది, రేపటినుంచి మధ్యాహ్నం కూడా ఉందిగా, రెండు సీట్లు రాస్తాను అన్నాడట.

"మధ్యాహ్నం ట్రిప్పు ఖాయమేనాండీ?" అని సుబ్రహ్మణ్యం గారు అడిగారు.

నేను షీటు తీసి చూపించాను. నాలుగుంబావుకల్లా మీ చెల్లెలు గారు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటారు, ఎదురుగాలి ఉన్నా నాలుగున్నర దాటదు, ఆసుపత్రి విమానాశ్రయానికి దూరం కాదట అన్నాను. ఇంత నమ్మకంగా ఎవరికైనా ఏదైనా చెప్పి ఉంటే అది ఆ రోజే. ఆయన లేచి నమస్కారం పెట్టి వెళ్లారు.

గురువారం ఉదయం ట్రిప్పులు సవ్యంగా నడిచాయి. మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్‌లో జల్లు పడి, ఒంటిగంటా పావుకు లేవాల్సింది ఒకటీ యాభైకి లేచింది. ముప్పై అయిదు నిమిషాల ఆలస్యం. వెనకగాలి ఇరవై నాట్లు అని క్యాంపు నుంచి రేడియోలో చెప్పారు. నేను షీటు మీద మళ్లీ కట్టాను. రెండూ యాభై నాలుగుకు కార్ నికోబార్ చేరుతుంది. అక్కడ ఇంధనం పీపాల్లోంచి చేతిపంపుతో కొట్టాలి, నీళ్లు కలిశాయేమో పరీక్ష చూడాలి, అరగంట పడుతుంది. మూడూ ఇరవై అయిదుకు లేస్తే ఎదురుగాలిలో నాలుగూ యాభై నాలుగుకు పోర్ట్ బ్లెయిర్. హద్దు నాలుగూ యాభై ఏడు. మూడు నిమిషాలు మిగులుతాయి. బొటాబొటీ, అయినా సరిపోతుంది అనుకున్నాను.

రెండుంబావుకు సుబ్రహ్మణ్యం గారికి రామచంద్రపురం నుంచి ఫోను వచ్చింది. వాళ్లమ్మగారు టెలిఫోన్ బూత్ నుంచి మాట్లాడుతున్నారు. ప్రయాణం మూడింటికని కొడుకు ముందురోజు చెప్పాడట. గురువారం ఆ వేళకు దుర్ముహూర్తం ఉంది, కడుపుతో ఉన్న పిల్ల బయలుదేరకూడదు అని ఆవిడ బాధ. సిద్ధాంతి గారి ఇల్లాలు కనుక ఆవిడకు పంచాంగం ఎవరూ చదివి చెప్పనక్కర్లేదు. రేడియో గదికీ నా బల్లకూ మధ్య ఉన్నది చెక్క అడ్డే కాబట్టి ఇవతలి మాటలు నాకు వినిపించాయి.

"అది మన ఊరి లెక్కమ్మా. అక్కడ సూర్యుడు ముందే పొడుస్తాడు. దుర్ముహూర్తం సూర్యోదయాన్ని బట్టే కదా... ఎంత ముందంటే ఎలా చెప్పను, కట్టాలి. నువ్వు అక్కడే ఉండు."

వచ్చి నా బల్ల మీద మ్యాపు అడిగారు. ఇచ్చాను. పోర్ట్ బ్లెయిర్ రేఖాంశంలోంచి రాజమండ్రి రేఖాంశం తీసేశారు. పదకొండు డిగ్రీలకు అయిదు నిమిషాలు తక్కువ. డిగ్రీకి నాలుగు నిమిషాల కాలం. నలభై నాలుగు నిమిషాలు. పంచాంగకర్తలు దీన్ని దేశాంతరం అంటారు, మా పుస్తకాల్లో ఇంకో పేరుంది, లెక్క ఒకటే. దుర్ముహూర్తం మూడింటికి చాలా ముందే వెళ్లిపోతుందని, బెంగ పెట్టుకోవద్దని తల్లికి చెప్పి ఫోను పెట్టేశారు. ఒక పెద్ద బరువు దించుకున్న మనిషిలా కనిపించారు. నేనూ సంతోషించాను, లెక్క బాగా కట్టారని కూడా అనుకున్నాను.

ఆయన మ్యాపు తిరిగి ఇవ్వడానికి వచ్చి ఇవ్వకుండా నిలబడ్డారు. నా చేతికింద సెక్టార్ షీటు ఉంది.

"మూర్తి గారూ, ఒక్క నిమిషమండి. అక్కడ పొద్దు పొడవడం ముందైతే, పొద్దు కుంకడం కూడా ముందే కదండీ?"

అవునన్నాను.

"మరి మన షీటులో ఐదూ ఇరవై ఏడు ఉందేంటండి?"

షీటు అట్టడుగు వరస మీద వేలు పెట్టి ఆ అంకెను మళ్లీ చదివాను.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. దేశమంతటికీ గడియారం పెట్టేది ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశం మీది సూర్యుణ్ని బట్టి. ఆ గీత మన తుని పక్కగా పోతుంది. రాజమండ్రి దానికి ఒక డిగ్రీ కూడా ఎడం లేదు, తేడా మూడు నిమిషాలు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాడికి గడియారమూ సూర్యుడూ జోడెడ్లలా కలిసే నడుస్తాయి. పన్నెండంటే పొద్దు నడినెత్తిన ఉన్నట్టే. అస్సాంలోనో గుజరాత్‌లోనో పుట్టినవాడికి ఈ రెండూ వేరని చిన్నప్పుడే తెలుస్తుంది. నాకు పుస్తకంలో తెలుసు. పరీక్షలో రాశాను కూడా. కానీ ఫారం మీద ఐదూ ఇరవై ఏడు అని అచ్చయి ఉంటే, అది ఎవరి ఊరి పొద్దు అని అడగాలని తోచలేదు. రెండు ద్వీపాల మధ్య దూరాన్ని మైలు తప్పకుండా కట్టి, వాటి మీద రాజమండ్రి సూర్యుణ్ని నిలబెట్టాను. అలవాటులో పొరపాటు అంటారు. అలవాటు నాది, పొరపాటు నాది.

నాటికల్ ఆల్మనాక్ తీశాను. సూర్యచంద్రుల ఉదయాస్తమయాలు అక్షాంశాల వారీగా ఉండే పుస్తకం అది, నా సొరుగులోనే ఉండేది. సుబ్రహ్మణ్యం గారి నలభై నాలుగు నిమిషాల్లో పది వెనక్కి వస్తాయి. ద్వీపాలు భూమధ్యరేఖకు దగ్గర కనుక డిసెంబరులో అక్కడ పగలు మనకన్నా కాస్త ఎక్కువ. మిగిలింది ముప్పై నాలుగు. పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యాస్తమయం నాలుగూ యాభై మూడు. హద్దు నాలుగూ ఇరవై మూడు. హెలికాప్టర్ దిగేది నాలుగూ యాభై నాలుగుకు. అంటే ఆ కాగితం ప్రకారం ఇంకా మూడు నిమిషాలు మిగిలి ఉన్న హెలికాప్టర్, నిజానికి పొద్దు కుంకాక, మబ్బులో, సముద్రం మీదినుంచి వస్తుంది. అందులో ప్రయాణికులు ఏడుగురు.

అప్పటికి టైము రెండూ నలభై. రాజు గారి గదికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. కుర్చీలోంచి లేచి రేడియో గదికి వచ్చారు.

"త్వరగా లేవదీస్తే?" అన్నారు.

కట్టి చూపించాను. ఇంధనం నింపకుండా లేస్తే ఎదురుగాలికి నిలవ సరిపోదు. ఎంత తొందరపడ్డా పంపు కొట్టి పరీక్ష చూసేసరికి మూడుంబావు. నాలుగూ నలభై నాలుగుకు దిగుతుంది. పొద్దు కుంకడానికి తొమ్మిది నిమిషాల ముందు. నియమం అరగంట అంటుంది.

"తొమ్మిది నిమిషాలు వెలుతురు ఉంటుంది కదయ్యా," అన్నారు రాజు గారు. ఆయన ఆ మాట అన్నది ఎవరికోసమో నాకు తెలుసు. లలిత సంగతి సుబ్రహ్మణ్యం గారు ఆయనకు ఉదయమే చెప్పారు. "డాక్టర్ చీటీలో అత్యవసరం అని ఉందా?"

లేదని సుబ్రహ్మణ్యం గారు చెప్పారు. వీలైనంత త్వరగా అని మాత్రం రాశారట. అత్యవసరం అని ఉంటే పైలట్ తన విచక్షణ మీద నియమం దాటవచ్చు. లేకపోతే మేం ఇక్కడినుంచి దాటమని చెప్పలేం.

రాజు గారు నావైపు చూసి, నువ్వేమంటావని అడిగారు. నేను సుబ్రహ్మణ్యం గారి వైపు చూశాను. ఆయన మాత్రం సెట్టు మీది సూదినే చూస్తూ కూర్చున్నారు. జల్లు మళ్లీ వస్తే తొమ్మిది నిమిషాలు ఉండవు, ఎదురుగాలి అయిదు నాట్లు పెరిగినా ఉండవు, ఆపాలి అన్నాను. రాజు గారు సరే అన్నారు.

మా బేసులో పద్ధతి ప్రకారం ఆదేశం రాసి ఇచ్చేది డిస్పాచర్, చదివేది ఆపరేటర్. తిరుగు ప్రయాణం రద్దు, హెలికాప్టర్, ప్రయాణికులు రాత్రికి కార్ నికోబార్‌లోనే, కారణం పగటి వెలుతురు చాలదు, రేపు సూర్యోదయం కాగానే బయలుదేరాలి, గర్భిణీ ప్రయాణికురాలికి మొదటి సీటు. నేను రాసిన చీటీని సుబ్రహ్మణ్యం గారు ఒకసారి చూసుకుని మైకు తీసుకున్నారు. రోజూ చదివినట్టే చదివారు, ఒక్కొక్క మాటా విడివిడిగా. అవతలినుంచి తిరిగి చదివి వినిపించారు. హెలికాప్టర్‌కు అందినట్టు రెండూ యాభై ఒకటికి ధ్రువీకరణ వచ్చింది. దాన్ని లాగ్ పుస్తకంలో రాసి, టైము వేసి, సంతకం చేశారు. అప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

నేను క్షమించమన్నాను.

"మీరేం చేస్తారండి," అన్నారు. "అమ్మకేం చెప్పాలో చూడాలి."

ఆ ట్రిప్పు నడిపిన కెప్టెన్ ఉత్తరాదివాడు. రెండు వారాల తర్వాత రాజమండ్రి వచ్చినప్పుడు, మీకు అనుమానం రాలేదా అని అడిగాను. వచ్చిందన్నాడు. పోర్ట్ బ్లెయిర్ చేరి రెండు రోజులే అయిందట, రెండు సాయంత్రాలూ మబ్బే, పొద్దు ఎప్పుడు కుంకిందో కనబడలేదట. తొందరగా చీకటి పడ్డట్టు అనిపించినా, షీటులో అంకె ఉంది కనుక మబ్బు వల్లే అనుకున్నాడట. కంటికన్నా కాగితాన్ని నమ్మాలని వాళ్లకు నేర్పేది మేమే.

శుక్రవారం తెల్లవారగానే హెలికాప్టర్ లేచింది. ఏడున్నరలోపే లలిత పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో ఉంది. పది గంటలకు ఆపరేషన్ చేశారు. మధ్యాహ్నం బావగారి ఫోను సుబ్రహ్మణ్యం గారు నా ఎదురుగానే అందుకున్నారు. విన్నారు, సరే అన్నారు, పెట్టేశారు. "మా చెల్లికి ఫర్వాలేదటండి. పిల్ల రాత్రే పోయిందట, కడుపులోనే. ఆడపిల్ల." ఇంతే చెప్పి, సెలవు చీటీ రాసి నా బల్ల మీద పెట్టి రామచంద్రపురం బస్సెక్కారు.

గురువారం సాయంత్రం చేరి ఉంటే ఆ బిడ్డ బతికేదా? నాకు తెలియదు. డాక్టర్లు ఏమన్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తెలిసింది ఒకటే. నా షీటు సరిగ్గా ఉండి ఉంటే, ఎదురుగాలిలో నాలుగూ ఇరవై మూడు హద్దు దాటిపోతుంది కనుక మధ్యాహ్నం ట్రిప్పు పడదు అని రాసేవాణ్ని. అప్పుడు బుధవారం నాడు ఆ గుమస్తా మధ్యాహ్నం ఉందిగా అని అనగలిగేవాడు కాదు. బావగారు ఎవరి కాళ్లావేళ్లా పడైనా ఉదయం సీటు సంపాదించేవారు. గురువారం పదింటికే ఆమె ఆసుపత్రిలో ఉండేది.

నెల తిరగకుండానే కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి నాకు ప్రశంసాపత్రం వచ్చింది. సకాలంలో ప్రమాదాన్ని గుర్తించి ప్రయాణాన్ని నిలిపివేసినందుకు అభినందనలు అని ఉంది. ఏడుగురు ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది అని లెక్క కూడా రాశారు. రద్దుకు కారణం అనేచోట వాతావరణం అని క్యాంపు నుంచి వెళ్లిందట. రాజు గారే ఆ పత్రం నా చేతికిచ్చారు.

నేను సంఘటన నివేదిక రాసి ఇచ్చాను. రద్దుకు కారణం వాతావరణం కాదు, సెక్టార్ షీటులో రాజమండ్రి సూర్యాస్తమయం వేయడం, వేసినది నేను, కనిపెట్టింది రేడియో ఆపరేటర్ అని. రాజు గారు చదివి, "ఆపింది నువ్వే కదయ్యా, ఇది ఎందుకు?" అన్నారు. ఆపవలసి వచ్చింది నావల్లే కనుక అన్నాను. ఆయన తన ఆమోదం సంతకం కూడా ఆ షీటు మీద ఉందని గుర్తుచేశారు. ఉందన్నాను. ఆయన నివేదిక కింద సంతకం పెట్టి పంపారు. ఆ సంతకం కోసం ఆయన్ను ఇప్పటికీ గౌరవిస్తాను.

ప్రశంసను వెనక్కి తీసుకోలేదు, నా సర్వీసు రికార్డులో దాని పక్కనే ఒక మందలింపు చేర్చారు. రెండూ ఒకే గురువారానికి సంబంధించినవి. ఫారం మార్చారు. అట్టడుగు వరసలో అచ్చు అంకెలు తీసేసి ఖాళీ గడులు పెట్టారు, ప్రతి విమానాశ్రయానికీ దాని సూర్యాస్తమయాన్ని ఆల్మనాక్ చూసి చేత్తో రాయాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నాం. మధ్యాహ్నం ట్రిప్పును ఉత్తరం ట్రిప్పు స్థానంలోకి జరిపారు. పన్నెండు లోపే లేచి మూడింటికల్లా వచ్చేసేది.

సుబ్రహ్మణ్యం గారు పదకొండు రోజుల తర్వాత డ్యూటీకి వచ్చారు. నివేదికలో తన పేరు ఉందని తెలిసి, తీసేయించమన్నారు. నేను కనిపెట్టింది చెల్లి ప్రయాణం గురించండి, మీ షీటు గురించి కాదు అన్నారు. పేరు అప్పటికే వెళ్లిపోయింది. ఆ తర్వాత అయిదేళ్లు పక్కపక్కనే పనిచేశాం. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు మాటలు అని ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఈ వృత్తి గురించి ఆసక్తితో అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. రెండు విమానాశ్రయాల మధ్య దూరం కట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు, సమయం కట్టడం కూడా. ముందే అచ్చయి ఉన్న అంకెను ఇది ఏ ఊరిదని అడగడం మాత్రం ఎవరూ నేర్పరు. ఇంకొకటి. చివరి నిమిషంలో సరైన నిర్ణయం తీసుకున్నవాణ్ని మెచ్చుకునేటప్పుడు, చివరి నిమిషందాకా ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. ఆ డిసెంబరు గురువారం మధ్యాహ్నం నేను చేసిన ప్రతి పనీ నియమం ప్రకారమే ఉంది. ఆ బిడ్డ విషయంలో నా తప్పు సెప్టెంబరులోనే అయిపోయింది.